కొడుకుల ఆట, తల్లుల అప్పు

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. 20వ తేదీన లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం అయింది. చట్టసభల్లో స్త్రీలకు రిజర్వేషన్ ఇచ్చే బిల్లు 1996లో మొదటిసారి పార్లమెంటు ముందుకొచ్చి 2023లో గాని చట్టం కాలేదు. ఆ ఎదురుచూపు ఎలాంటిదో తెలిసిన మనకి మూడు రోజుల్లో ఒక చట్టం తయారు కావడం చిత్రంగానే ఉంటుంది. అయినా మంచిపని తొందరగా జరిగితే కాదనేదేముంది? ఈ చట్టాన్ని మనం ఆహ్వానించాలి.

ఆహ్వానిస్తూనే ఒక ప్రశ్న అడగాలి. దేశంలో 45 కోట్ల మంది ఈ ఆటల వల్ల ఏటా 20,000 కోట్ల రూపాయల వరకు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అప్పుడు చెప్పింది. ఆ డబ్బు ఎవరిది? కాలేజీలో చదువుకునే పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి సంపాదన లేదు. అతను లక్షో రెండు లక్షలో పోగొట్టుకున్నాడంటే అది ఇంకెవరిదో అయివుండాలి కదా! యువత పాడైపోతోందని అందరూ బాధపడ్డారు. పన్నులు పోతాయని కొందరు, ఉద్యోగాలు పోతాయని కొందరు లెక్కలు చెప్పారు. పోయిన డబ్బు ఎవరి మెడలోంచి, ఎవరి పొదుపు పుస్తకంలోంచి వచ్చిందన్న మాట మాత్రం నాకెక్కడా వినిపించలేదు. ఈ సంపాదకీయంలో నేను చెప్పదలచుకున్నది ఆ మాటే.

మా సంస్థ సలహా కేంద్రానికి గృహహింస, కట్నం, మనోవర్తి వంటి విషయాల మీద ఆడవాళ్ళు వస్తుంటారు. ఈ మధ్య కొడుకుల సంగతి చెప్పుకోడానికి కూడా వస్తున్నారు. రాగానే ఆ మాట చెప్పరు. తాకట్టులో ఉన్న నగ వేలానికి పోకుండా ఆపొచ్చా అనో, గ్రూపు అప్పు వాయిదా కొన్నాళ్ళు ఆపమని బ్యాంకు వాళ్ళకి మనం చెప్పగలమా అనో అడుగుతారు. ఎందుకైంది ఈ అప్పు అని రెండుమూడుసార్లు అడిగితేగాని అసలు సంగతి బయటికి రాదు. భర్త తాగి కొడితే పదిమందిలో చెప్పుకోగల ధైర్యం మనవాళ్ళకి కొంతైనా వచ్చింది. కొడుకు జూదమాడాడని చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు. ఎందుకంటే మరుక్షణం వచ్చే ప్రశ్న "నువ్వేం చేస్తున్నావు?" అని.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. పొగాకు గ్రేడింగుకి కూలికి వెళ్తుంది. భర్త ఆటో నడుపుతాడు. కొడుకు హైదరాబాదు శివార్లలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొదట పరీక్ష ఫీజన్నాడు, తరవాత లాప్‌టాప్ అన్నాడు, ఆపైన ఏదో కోర్సు అన్నాడు. అడిగినప్పుడల్లా పంపించింది. ఒకరోజు ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్ చేసి నీ కొడుకు మాకు బాకీ అని బూతులు మొదలుపెట్టారు. అప్పటికి ఆమె ఖాతాలో ఉండాల్సిన డబ్బు లేదు. "నాకు ఫోను చూడ్డం రాదమ్మా, వాడే చూసేవాడు. బ్యాంకు మెసేజి వస్తే వాడే చదివి చెప్పేవాడు. నా నెంబరు వాడికి తెలుసు" అంది. నెంబరంటే పిన్ నెంబరు. పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు తులాల బంగారం ఫైనాన్సు కంపెనీకి వెళ్ళింది. పొదుపు సంఘంలో గేదెల పేరు చెప్పి అప్పు తీసుకుంది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న కూతుర్ని మానిపించి బట్టల షాపులో పనికి పెట్టారు. తండ్రి చేసిందల్లా "నీ గారాబమే వాణ్ణి చెడగొట్టింది" అని ఆమెను కొట్టడం.

ఈ కథలో జూదమాడింది ఒకరు, మూల్యం చెల్లించింది ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరి ఆస్తి పోయింది, ఇంకొకరి చదువు పోయింది. వాళ్ళనెవరూ అడగలేదు. కూతురు జూదమాడివుంటే కొడుకు చదువు మానిపించి పనికి పెట్టేవాళ్ళా? ఒక్కసారి ఆలోచించండి.

నిండు సభలో ద్రౌపది వేసిన ప్రశ్నని మనం ఎన్నో వేదికల మీద గుర్తు చేసుకున్నాం. తనని తానే ఓడిపోయినవాడికి తనని పణంగా పెట్టే హక్కు ఎక్కడిదని ఆమె అడిగింది. పెద్దలెవరూ సమాధానం చెప్పలేదు. ఈనాటి తల్లికి ఆ ప్రశ్న అడిగే సభ కూడా లేదు. తనని పణంగా పెట్టిన సంగతి కూడా ఆట ముగిశాకే తెలుస్తుంది.

ఇందులో మనల్ని ఎక్కువ కలవరపెట్టాల్సిన విషయం మరొకటుంది. ఆస్తిలో కూతుళ్ళకి సమాన వాటా ఇస్తూ 1986లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చుకున్నాం. డ్వాక్రా గ్రూపులు వచ్చాయి. డబ్బు ఆడవాళ్ళ చేతికే రావాలని పోరాడాం. ఆ మాట ప్రభుత్వాలు కూడా కొంతవరకు ఒప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బుని 2021లో తల్లుల ఖాతాల్లో వేశారు. 2025 జూన్‌లో ఇంటర్మీడియట్ దాకా చదివే పిల్లల కోసం తల్లికి వందనం పేరుతో వేసిందీ తల్లుల ఖాతాల్లోనే. పేరు ఆమెదయింది, మంచిదే. కాని ఖాతా తాళం ఎవరి చేతిలో ఉంది? ఫోను కొనిచ్చింది కొడుకు, అందులో బ్యాంకు యాప్ పెట్టింది కొడుకు, పిన్ పెట్టింది కొడుకు. అక్షరం రాక వేలిముద్ర వేసిన రోజుల్లో ఆడదాని ఆస్తి ఎంత భద్రంగా ఉండేదో, ఫోను రాక పిన్ చెప్పేసిన ఈ రోజుల్లోనూ అంతే భద్రంగా ఉంది.

ఆడవాళ్ళకి జూదం కొత్త కాదు. పేకాట, కోతముక్క, గుండాట, మట్కా, బ్రాకెట్, కోడిపందేలు - వీటన్నిటి దెబ్బా తిన్నవాళ్ళమే. పందెం కాస్తేనే మగతనం అనే సంస్కృతిలో పుట్టిపెరిగినవాళ్ళమే. అయితే ఇప్పటి ఆట వేరు. కోడిపందేలు సంక్రాంతికి మూడు రోజులు. పేకాటకి నలుగురు చేరాలి, చోటు కావాలి, పోలీసుల భయం ఉండాలి. ఫోనులో జూదానికి ఇవేవీ అక్కర్లేదు. తెరమీద ఒక విమానం పైకి లేస్తుంది, అది లేచేకొద్దీ పెట్టిన డబ్బు రెట్టింపవుతున్నట్టు అంకె పెరుగుతుంది, అది మాయమయ్యేలోగా డబ్బు తీసుకోవాలి. ఎరుపా ఆకుపచ్చా అని రంగు చెప్పే ఆట ఇంకొకటి. ఒక్కో పందెం నిమిషంలో తేలిపోతుంది. దుప్పటి ముసుగులో ఒక్క రాత్రిలో వందల పందేలు కాయవచ్చు. పక్క మంచం మీద ఉన్నవాడికి కూడా తెలియదు.

మొదట్లో కంపెనీయే కాస్త డబ్బిస్తుంది. చేరినందుకు బోనస్, స్నేహితుణ్ణి చేర్చినందుకు కమీషన్. మొదటి రెండుమూడుసార్లు గెలుపు వస్తుంది. తరవాత గెలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, రాకుండానూ ఉండదు. మనిషిని కట్టిపడేసేది ఆ తెలియకపోవడమే. ఒక్క అంకెలో తప్పిపోయిన పందెం ఓటమిలా అనిపించదు, గెలుపు దగ్గరికొచ్చి వెళ్ళినట్టు అనిపిస్తుంది. పోయింది రాబట్టుకోవాలని ఇంకాస్త పెడతాడు. ఇదంతా కుర్రాడి బలహీనత అని కొట్టిపారెయ్యడం తేలిక. కాని ఇలా జరిగేట్టు ఆలోచించి, లెక్కవేసి తయారు చేసిన ఆటలివి. మంచిచెడ్డలు తూచి వెనక్కి తగ్గే శక్తి మనిషి మెదడులో ఇరవై దాటాక గాని పూర్తిగా గట్టిపడదని వైద్యులు చెబుతారు. జూదానికి బానిస కావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇది జబ్బు అని మనం గట్టిగా చెప్పాలి. కొడుకుల్ని వెనకేసుకురావడానికి కాదు, తల్లి పెంపకం మీద వేస్తున్న నిందని దించడానికి.

చదువుకునే పిల్లవాడికి ఈ ఆట తప్పన్న భావమే కలగకుండా ఇన్నాళ్ళూ చేసిందెవరు? ఇది జూదం కాదు, నైపుణ్యం అన్నారు. ఆ వాదానికి మూలం మన సికింద్రాబాదులోనే ఉంది. అక్కడి ఒక క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి గనక అందులో నైపుణ్యమే ప్రధానమని 1967లో కోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు నడిపేవాళ్ళు లాభం చేసుకుంటున్నట్టు రుజువుంటే అది నేరం కావచ్చునన్నది ఆ మాట. కంపెనీలు మొదటి మాట పట్టుకుని వేలకోట్ల వ్యాపారం చేశాయి. రెండో మాటని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీతో సహా నిషేధించాయి. తమిళనాడు చేసిన ఇలాంటి చట్టాన్ని 2021లో, కర్ణాటక చట్టాన్ని 2022లో అక్కడి హైకోర్టులు కొట్టేశాయి. మన రెండు రాష్ట్రాల్లో నిషేధం ఉన్నా టీవీలో క్రికెట్ మొదలైతే చాలు, ఆటగాళ్ళే వచ్చి ఆడమని చెప్పేవారు. భారత జట్టు చొక్కా మీదే ఆ వ్యాపారం పేరుండేది. ఇక రంగుల ఆటల కంపెనీల సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి ఒక ముఠాని 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు పట్టుకుంటే సుమారు 1,100 కోట్ల లావాదేవీలు బయటపడ్డాయి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేశారని సినిమా నటుల మీద, టీవీ యాంకర్ల మీద, యూట్యూబులో పేరున్నవాళ్ళ మీద తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేస్తున్నట్టు ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. ఇవన్నీ అవసరమే. కాని అప్పటికే ఎన్ని కొంపలు మునిగాయి?

నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడించేదేదైనా నేరమే అని 2025 చట్టం అంటోంది. ఆడించేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్ళకి రెండేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఆడినవాళ్ళకి శిక్ష లేదు. ఇది సరైన పద్ధతి. అమ్మేవాణ్ణి పట్టుకోవాలి, కొన్నవాణ్ణి కాదు. 2020 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణలో ఆడినవారికి కూడా ఆరు నెలల జైలు పెట్టారు. పిల్లవాడు జైలుకెళ్తాడన్న భయంతోనే ఎంతోమంది తల్లులు పోలీసు స్టేషను గడప తొక్కడం లేదు. అప్పులవాళ్ళ దౌర్జన్యం మీద ఫిర్యాదు చెయ్యాలన్నా ముందు కొడుకు ఆడాడని ఒప్పుకోవాలి మరి. ఆ శిక్షని తీసెయ్యమని మనం అడగాలి.

చట్టం వచ్చిన వారంలోనే పేరున్న కంపెనీలు డబ్బాటలు ఆపేశాయి. చట్టాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో పడ్డ కేసుల్ని సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. ఇక పని అయిపోయిందని కూర్చుందామా? మనకి సారా ఉద్యమం నేర్పిన పాఠం ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన పోరాటం 1992లో జిల్లా అంతా, తరవాత రాష్ట్రమంతా పాకింది. ఆడవాళ్ళు చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని సారా పాటల్ని ఆపేశారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా ఖాళీ అవుతోందంటూ దాన్ని ఎత్తేశారు. మనం దుకాణం మూయించగలిగాం, దుకాణం మీద బతికే ఖజానాని మార్చలేకపోయాం.

ఇప్పుడూ అదే ప్రమాదం ఉంది. ఆన్‌లైన్ పందేల మీద 28 శాతం జి.ఎస్.టి. 2023 అక్టోబరు నుంచి వసూలు చేసింది ప్రభుత్వమే. ఆనాటి సారా ప్యాకెట్‌లో వాటా ఉన్నట్టే ఈ పందెంలోనూ రాజ్యానికి వాటా ఉండింది. మళ్ళీ ఎప్పుడైనా ఆ ఆదాయం మీద ఆశపుట్టదని నమ్మకమేమిటి? పైగా ఆనాటి సారా దుకాణం ఊళ్ళో ఉండేది. ఎక్కడుందో తెలుసు, ఎవరు నడుపుతున్నారో తెలుసు, పదిమంది వెళ్ళి తలుపుకి అడ్డంగా కూర్చోగలిగేవాళ్ళం. ఇప్పటి దుకాణం కొడుకు జేబులో ఉంది. కంపెనీ ఏ దేశంలో ఉందో తెలియదు. ఒక యాప్‌ని మూసేస్తే ఇంకో పేరుతో వస్తుంది. టెలిగ్రామ్ గుంపులో లింకు పంపిస్తారు.

ఆ దొంగదారిన డబ్బు నడవాలంటే బ్యాంకు ఖాతాలు కావాలి. అందుకు దొరికేది మళ్ళీ విద్యార్థులే. ఖాతా అద్దెకిస్తే నెలకింత ఇస్తామంటారు. తన ఖాతా అయిపోతే ఇంట్లోవాళ్ళ ఖాతా ఇస్తాడు. రేపు ఆ ఖాతాలోంచి దొంగసొమ్ము వెళ్ళిందని తేలితే పోలీసులు ఖాతా నిలిపేస్తారు. పొలం పనికెళ్ళే తల్లికి తన ఖాతా ఎందుకు ఆగిపోయిందో తెలియదు, పింఛను ఎందుకు రావడం లేదో తెలియదు. సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మాత్రం ఆమే, ఎందుకంటే పేరు ఆమెది.

అప్పుల యాప్‌ల సంగతి ఇంకా ఘోరం. 2020 చివర్లో తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపులకి కొందరు ప్రాణాలు తీసుకున్నాకే ప్రభుత్వాలు కదిలాయి. జూదంలో ఓడిన కుర్రాడు ఐదు నిమిషాల్లో అప్పు తీసుకుంటాడు. యాప్ అతని ఫోన్లోని పేర్లన్నీ, ఫొటోలన్నీ లాక్కుంటుంది. వాయిదా తప్పగానే అతని అక్కచెల్లెళ్ళవో, తోటి విద్యార్థినులవో ఫొటోలు అసహ్యంగా మార్చి అందరికీ పంపుతామని బెదిరిస్తారు. మగవాడు చేసిన అప్పుకి ఆడదాని శరీరాన్ని తాకట్టు పెట్టడం కాక ఇదేమిటి? ఫోన్లోని పేర్లని, ఫొటోలని అప్పులిచ్చే యాప్‌లు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. కాగితం మీద ఉన్న ఆ మాట పోలీసు స్టేషనులో రాసుకునే ఫిర్యాదుగా మారడం లేదు. "డబ్బు కట్టేస్తే పోయె కదమ్మా" అని పంపేస్తున్నారు.

ఆడపిల్లలు ఈ ఆటలు ఆడరా అంటే ఆడుతున్నారు. హాస్టల్లో ఫోన్ల ద్వారా వాళ్ళకీ ఇదే ఎర వేస్తున్నారు. తేడా ఏమిటంటే అబ్బాయి ఓడిపోతే ఇల్లు అప్పు తీరుస్తుంది, అమ్మాయి ఓడిపోతే చదువు మానిపించి పెళ్ళి చేస్తారు. ఆ భయం వల్ల అమ్మాయిలు ఎవరికీ చెప్పుకోక, ఒంటరిగా బెదిరింపులకి లొంగిపోతున్నారు. ఈ సమస్య చూపించి లేడీస్ హాస్టళ్ళలో ఫోన్లు లాక్కునే ప్రిన్సిపాళ్ళు కూడా తయారయ్యారు. క్రమశిక్షణ పేరుతో ఏ వంక దొరికినా ముందు ఆడపిల్లల స్వేచ్ఛ మీదే పడుతుంది. దీన్ని మనం ఒప్పుకోకూడదు.

మన సమాజంలో దీనికొక పాత మందుంది. "పెళ్ళి చేస్తే దారికొస్తాడు." చదువు ఆగిపోయి అప్పుల్లో ఉన్న కుర్రాడికి ఇంజనీరింగ్ విద్యార్థి అని చెప్పి సంబంధం చూస్తారు. వచ్చిన కట్నం అప్పులవాళ్ళకి పోతుంది. తల్లి మెడలోంచి పోయిన బంగారం స్థానంలో కోడలి మెడలో బంగారం పోతుంది. కట్నం సరిపోకపోతే ఆ పిల్ల ఏడాది తిరక్కుండా మన దగ్గరికే వస్తుంది. కొడుకు అప్పుతో కుంగిపోయిన తల్లులు కూడా, తమకి తెలియకుండానే, ఇంకో ఆడపిల్లని ఆ గోతిలోకి తోస్తున్నారు. వాళ్ళతో ఈ మాట సూటిగా చెప్పే ధైర్యం మనకుండాలి.

అయితే మనం చెయ్యగలిగిందేమిటి? ముందుగా ప్రతి తల్లికీ తెలియాల్సిన కొన్ని విషయాలున్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండిన కొడుకు చేసిన అప్పుకి, తాను సంతకం చెయ్యనంతవరకు, హామీ ఉండనంతవరకు తల్లి బాధ్యురాలు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెం సొమ్ము కోసం ఎవరూ కోర్టుకెక్కలేరు. అంచేత క్రికెట్ బుకీ ఇంటికొచ్చి అరిస్తే భయపడాల్సింది అతనే. స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2005 గృహహింస చట్టంలో ఆర్థిక హింస కూడా ఉంది. ఆమె నగలు, ఆమె ఆస్తి ఆమెకి కాకుండా చెయ్యడం అందులోకి వస్తుంది. భర్త నుంచే కాదు, కొడుకు నుంచి కూడా తల్లి ఆ చట్టం కింద రక్షణ అడగవచ్చు. ఏ తల్లి కొడుకు మీద కేసు పెడుతుంది అని మీరనవచ్చు. చాలామంది పెట్టరు. కాని "నా నగ ఇవ్వను" అనడానికి చట్టం తన వెనక ఉందని తెలియడమే ఒక బలం.

నగ ఇవ్వనంటే కొడుకు ఏమైపోతాడోనన్న భయం ఒకటుంది. ఇది ఉత్త భయం కాదు, దీన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. చాలా ఇళ్ళలో తల్లి అప్పు తీర్చేది కొడుకు ప్రాణం కోసమే. కాని అప్పు తీర్చడం ఒక్కటే జబ్బుని తగ్గించదు, చాలాసార్లు కొత్త పందేనికి దారి తీస్తుంది. కాబట్టి డబ్బుకన్నా ముందు వైద్యం. అప్పు ఎంతో పూర్తిగా కాగితం మీద రాయించాలి, డబ్బు అతని చేతికివ్వకూడదు, అతన్ని ఒంటరిగా వదలకూడదు, తిట్టకూడదు. టెలి మానస్ నెంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బక్కర్లేదు. మోసాలు, బెదిరింపుల మీద 1930కి ఫోన్ చెయ్యవచ్చు. ఆత్మహత్యకి ప్రయత్నించినవారిని నేరస్తులుగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసవుతుందని ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా దాచాల్సిన పనిలేదు.

కాలేజీల్ని కూడా వదిలిపెట్టకూడదు. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హతగల కౌన్సిలర్‌ని పెట్టుకోవాలని చెప్పింది. మీ ఊళ్ళో కాలేజీకి వెళ్ళి ఆ కౌన్సిలర్ ఎవరో అడగండి. లెక్కల మాస్టారికే ఆ పేరు పెట్టి చేతులు దులుపుకుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. జూదమాడాడని టి.సి. చేతిలో పెట్టి ఇంటికి పంపే కాలేజీ తన బాధ్యతని కూడా ఆ తల్లి నెత్తినే పెడుతోంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పని మన పొదుపు సంఘాల్లో జరగాలి. అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళే సారా మీద తిరగబడ్డారు. ఈనాటి అక్షరాస్యత ఫోను. తన ఖాతాలో ఎంతుందో తానే చూసుకోవడం, బ్యాంకు మెసేజి తానే చదవడం, పిన్ తానే మార్చుకోవడం - ఈ మూడూ ప్రతి సభ్యురాలికీ నేర్పడానికి రెండు సమావేశాలు చాలు. వచ్చే మూడు నెలల్లో మన సంఘాలన్నీ ఈ పని చేపట్టాలని నా విజ్ఞప్తి. ఎవరైనా సభ్యురాలు హఠాత్తుగా పెద్ద అప్పు అడిగితే, గేదె కోసమా, ఇంకేమైనా ఉందా అని ప్రేమగా విడిగా కూర్చోబెట్టి అడగాలి. నిందించడానికి కాదు. ఆమె వాయిదా తప్పితే భారం పడేది మిగతా సభ్యుల మీదే. వాళ్ళూ ఆడవాళ్ళే, వాళ్ళకీ కొడుకులున్నారు.

మన ఇళ్ళలో మగపిల్లాడి తప్పుకి ఆడవాళ్ళ ఆస్తి ఎప్పటినుంచో జామీనుగా ఉంటూ వచ్చింది. తండ్రి తాగుడికీ అదే, అన్న వ్యాపారానికీ అదే, ఇప్పుడు కొడుకు పందేనికీ అదే. ఆడించేవాళ్ళ మీద చట్టం వచ్చింది, సంతోషం. జామీను రద్దు చేసే చట్టం మాత్రం పార్లమెంటు చెయ్యదు, అది మనమే చేసుకోవాలి. మీ ప్రాంతంలో ఏం జరుగుతోందో, మీ సంఘం ఏం చేసిందో మాకు రాయండి. పేర్లు వెయ్యం. వచ్చే సంచికలో ఆ అనుభవాలకి చోటిస్తాం.

- సంపాదకురాలు